అక్కడ కోయరు, ఇక్కడ కట్టరు

ఆ కాగితం చదివి, మంచిదే, సంతకం పెట్టమని మా తమ్ముడికి చెప్పింది నేనే. ఈ మాట ముందే రాయడం మంచిది. తర్వాత ఎవరెవరిని చూసి నాకు రోత పుట్టిందో చెప్పబోతున్నాను కాబట్టి, ఆ వరసలో నేనూ ఉన్నానని చదివేవాళ్ళకు మొదటే తెలియాలి.

మా తమ్ముడు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. ప్లాస్టిక్ భాగాలు పోత పోసే అచ్చులను బాగుచేయడం అతని పని. చిలమత్తూరు దగ్గర మా ఊరి నుంచి రోజూ కంపెనీ బస్సులో పోయి వచ్చేవాడు. ఆ అచ్చులు కొరియా నుంచి వస్తాయి. రెండేళ్ళు అక్కడి ఫ్యాక్టరీలోనే పనిచేసి, వాటి మరమ్మతు పూర్తిగా నేర్చుకుని రమ్మని అతన్నీ ఇంకో ముగ్గురినీ ఎంపిక చేశారు. పోయే ముందు ఒక ఫారం ఇచ్చారు.

నేను మండలంలోని గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి మానుకున్నాను, చిలమత్తూరులోనే ఉంటాను. పంట బీమా కాగితమైనా, కరెంటు బిల్లైనా ఇంటివాళ్ళు నా దగ్గరికే తెస్తారు. అతనూ తెచ్చాడు.

"అక్కా, ఇది సదివి చెప్పు. ఆడా కోస్తారంట, ఈడా కోస్తారంట. రెండు పక్కలా కోస్తే మధ్యలో నేను మిగుల్తానా?"

రెండుసార్లు చదివాను. విషయం కష్టమైనదేమీ కాదు. ఇక్కడ అతని జీతంలో నెలనెలా పి.ఎఫ్. కోస్తారు. కొరియాలో పనిచేసే ఎవరి జీతంలోనైనా ఆ దేశం తన పింఛను కోసం కొంత కోస్తుంది. అతని జీతం ఒకటే అయినా రెండు దేశాలకూ కట్టాల్సి వస్తుంది. అలా కాకుండా రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందం ఉంది. 'ఈ మనిషి ఇక్కడ కడుతూనే ఉన్నాడు' అని మన పి.ఎఫ్. ఆఫీసు ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. అది అక్కడ చూపిస్తే అక్కడ కోయరు. ఆ సర్టిఫికెట్ కోసం కంపెనీ తరఫున పెట్టే దరఖాస్తే ఆ ఫారం.

ఇది చెప్పాను.

"అంటే, ఈ ఎద్దు మాది, మీ బందెలదొడ్లో కట్టేయొద్దండి అని చీటీ రాసిచ్చినట్ల."

"అట్లే అనుకో."

"అయితే పెడతా. ఎద్దు యాడ మేసినా కొట్టం ఒకటే ఉండల్ల."

ఇద్దరం నవ్వుకున్నాం. సరిగ్గా చదివి సరిగ్గా చెప్పానని నాకు కాస్త గర్వంగా కూడా ఉండింది. నేను చెప్పింది నిజంగానే సరైనదే. ఇప్పటికీ ఆ ఫారంలో తప్పు లేదు.

పద్నాలుగో నెలలో అతను ఇరవై రోజుల సెలవు మీద వచ్చాడు. పదకొండో రోజు ఉదయం ఛాతీ పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. హిందూపురంలో చూసి బెంగళూరుకు తీసుకుపొమ్మన్నారు. దొడ్డబళ్ళాపురం దాటకముందే పోయాడు. దీని గురించి నేను ఇంతకంటే రాయను. కంపెనీవాళ్ళు కట్టించిన ఫ్లెక్సీలో చాలా రాశారు. ఆరిన దీపమన్నారు, రాలిన నక్షత్రమన్నారు. అతని ముఖం కంటే కంపెనీ గుర్తు పెద్దదిగా ఉంది.

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, హిందూపురంలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు కుడుతుంది. ఆరేళ్ళ కూతురు ఉంది. కర్మలయిన మూడో రోజే ఆమె అన్న గుమ్మఘట్ట పక్క నుంచి మళ్ళీ వచ్చాడు. ఉన్న రెండెకరాలు అమ్మేసి, తన ఇంటికి వచ్చేయమన్నాడు.

"ఆడదానివి, ఒక్కదానివే ఈడ ఏం చేస్తావు మ్మే? మీ వదినకి గూడా పనిలో తోడుంటావు."

అతను వెళ్ళిపోయాక మరదలు నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"వదినా, నేను పోను. పోతే ఆడ పొయ్యి ముందరే నా బతుకు తెల్లారుతాది. నా జీతం ఉండాది. దానికి తోడు నెలనెలా నా పేరు మీద ఏదో ఒకటి వస్తే, కొంచెమైనా సరే, నేనూ పిల్లా ఈడనే ఉంటాం. ఆయప్పకి పి.ఎఫ్. పింఛను వస్తాది గదా?"

వస్తుంది అన్నాను. ఉద్యోగంలో ఉండగా చనిపోతే భార్యకు నెలనెలా పింఛను వస్తుంది. ఒక్క నెల కట్టి ఉన్నా చాలు. అతను ఏళ్ళ తరబడి కట్టాడు. నేను చాలా ధైర్యంగా చెప్పాను.

పి.ఎఫ్. ఆఫీసులో కంప్యూటరు ముందున్న కుర్రాడు మా కాగితాలు చూసి, నంబరు కొట్టి, తల అడ్డంగా ఊపాడు.

"ఈయన సర్వీసులో లేడమ్మా. ఉద్యోగం మానేసినట్టు పోయిన ఏడాదే ఎగ్జిట్ పడిపోయింది. పి.ఎఫ్. అంతా తీసుకున్నాడు. పింఛను కింద ఉన్నదీ తీసుకున్నాడు. ఆ తర్వాత ఏమీ జమ కాలేదు."

నేను ఆ సర్టిఫికెట్ ప్రతి తీసి బల్ల మీద పెట్టాను. ఈ రెండేళ్ళూ ఇతను ఇక్కడ కడుతున్నాడని మీ ఆఫీసే రాసిచ్చింది కదా అన్నాను.

అతను దాన్ని ముట్టుకోలేదు. "ఇది ఆ దేశం వాళ్ళకి చూపించే కాగితమమ్మా. ఈడ పనికి రాదు."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాక మరదలు నా ముఖం చూడకుండా చెప్పింది.

"ఎగ్జిట్ వేయించుకున్నది నిజమే వదినా. బోరు కోసరం. నీకు చెప్పొద్దన్నాడు. సదివినామె, తిడతాది అన్నాడు."

మా పక్క ఇది ఎవరూ తప్పనుకోని పని. గార్మెంట్స్ ఆడవాళ్ళు, కంపెనీల మగవాళ్ళు అందరూ చేస్తారు. బోరు వేయాలన్నా, ఇంటికి మిద్దె పోయాలన్నా, పి.ఎఫ్. డబ్బులు చేతికి రావాలంటే ఉద్యోగం మానేసినట్టు కాగితం మీద ఉండాలి. మానేసి రెండు నెలలు గడవాలి. అందుకని ఎగ్జిట్ వేయించుకుంటారు. మరుసటి రోజు అదే మిషను ముందు కూర్చుంటారు. రెండు నెలల తర్వాత డబ్బు వస్తుంది, మళ్ళీ కొత్తగా చేర్చుకుంటారు. ఆ రెండు నెలలూ తన వాటా కట్టే పని తప్పుతుంది కాబట్టి కంపెనీకీ ఇష్టమే. పి.ఎఫ్. ముసలితనానికని ఇక్కడ ఎవరూ అనుకోరు. వానలు రాని ఏడాదికని అనుకుంటారు.

మా తమ్ముడు సర్టిఫికెట్ చేతికొచ్చిన వారానికే ఎగ్జిట్ వేయించుకుని విమానమెక్కాడు. ఒక కాగితం అతను ఉద్యోగంలో ఉన్నాడంది, ఇంకొకటి మానేశాడంది. మొదటిది నేను చదివాను. రెండోది నాకు చూపించలేదు.

"నీళ్ళు పడినాయా?" అని అడిగాను. అప్పుడు అడగాల్సిన ప్రశ్న అది కాదు. కానీ అదే నోట్లోకి వచ్చింది.

"తొమ్మిది నూర్ల అడుగులకి పడినాయి. రెండు నెలలు వచ్చినాయి. ఆమీట దుమ్ము." తర్వాత ఆమె తన సంచిలోంచి అతని ఫోను తీసింది. "కానీ వదినా, మళ్ళా కోస్తానే ఉండారు గదా. చూడు."

ఇక్కడి జీతం చీటీలు నెలనెలా అతని ఫోనుకు వచ్చేవి. ఒక్కొక్కటే తెరిచి చూశాను. మొదటి రెండు నెలలు పి.ఎఫ్. గడిలో సున్నా. మూడో నెల నుంచి చనిపోయిన నెల దాకా ప్రతి నెలా కోత ఉంది. అతని జీతంలోంచి కోశారు. ఎక్కడా కట్టలేదు.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. నేను బాగుందన్న సర్టిఫికెట్ చూపించి అక్కడ కోయకుండా ఆపారు. ఇక్కడ కోసి, కట్టకుండా ఆపారు. నేను ఆ ఫారం చదవకుండా ఉండి, అతను సంతకం పెట్టకుండా ఉండి ఉంటే, అక్కడ కోసేవాళ్ళు. కోసినందుకు అక్కడి నుంచి ఇంటివాళ్ళకు కొంతైనా వచ్చేది. రెండుసార్లు కట్టడం నష్టమని చెప్పిన నాకు, ఒక్కసారి కూడా కట్టకుండా ఉండే దారి కూడా ఒకటుంటుందని తట్టలేదు.

ఫిర్యాదు రాసిచ్చి వచ్చాం. నాలుగు రోజులకు కంపెనీ హెచ్.ఆర్. మనిషి ఇంటికి వచ్చాడు. లేపాక్షి పక్కవాడు, అంటే మనవాడే. ఆపిల్ పళ్ళు తెచ్చాడు. మరదల్ని 'వదినా' అన్నాడు, నన్ను 'అక్కా' అన్నాడు. చనిపోయినవాణ్ణి 'నా తమ్మునసుంటోడు' అన్నాడు. ఆ వరసలు విన్నకొద్దీ నాకు వెగటు పెరిగింది. ఆ సమయానికి మరదలి అన్న కూడా ఇంట్లోనే ఉన్నాడు.

"కంపెనీ మానవత్వంతో కొంత సాయం చేద్దామనుకుంటాంది వదినా. ఒకేసారి చేతికి. ఈడ ఒక సంతకం పెడితే సాలు."

నేను ఆ కాగితం తీసుకుని చదివాను. అతను తన ఇష్టంతో ఉద్యోగం మానేశాడని, ఆ తర్వాత విదేశంలో చేసిన పనితో ఈ కంపెనీకి సంబంధం లేదని, ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నామని ఉంది. పైకి చదివి వినిపించాను.

మరదలు ఆపిల్ పళ్ళ కవరును అతని వైపు జరిపింది.

"ఇంత ప్రేమ ఉండేటోనివి, నెలనెలా కోసిందాన్ని యాడ పెట్టినావన్నా?"

"అది సిస్టమ్‌లో ఏదో పొరపాటు వదినా. సిస్టమ్ తీసుకోలేదు."

"సిస్టమంటే ఎవురు? పేరు చెప్పు, పోయి అడుగుతా. కోసేటప్పుడు తీసుకున్న సిస్టము కట్టేటప్పుడు ఎందుకు తీసుకోదు?"

ఆమె అన్న మధ్యలోకి వచ్చాడు. "తీసుకో మ్మే. పోయినోడు ఎట్లా రాడు. ఈ దుడ్లు, ఆ చేను దుడ్లు కలిపితే పిల్ల పేరున వేయొచ్చు."

"పిల్ల పేరునా, నీ ట్రాక్టరు అప్పు పేరునా?"

హెచ్.ఆర్. మనిషి నవ్వు ఆపుకోవడానికి ఫోను చూసుకున్నాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి, "మీరు సదువుకున్నోళ్ళు అక్కా, మీరన్నా చెప్పండి. ఎగ్జిట్ సంతకం ఆయప్పదే" అన్నాడు. చెప్పిన తీరులో బెదిరింపు ఉంది. నిజం కూడా ఉంది.

మూడు నెలల తర్వాత విచారణకు పిలిచారు. ఆ ఉదయం బస్సులో నేను మరదలికి ఏం నేర్పానో రాయాలి. ఎగ్జిట్ గురించి అడుగుతారు, కంపెనీవాళ్ళే బలవంతంగా పెట్టించారని చెప్పు, పెట్టకపోతే కొరియాకు పంపేది లేదన్నారని చెప్పు అన్నాను. ఎలా చెప్పాలో, ఎక్కడ ఆగాలో కూడా చెప్పాను. రెండుసార్లు ఆమె చేత అనిపించాలని చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ అంటూ ఉంది. సగం ఖాళీ బస్సులో ఒక విధవరాలికి అబద్ధం వల్లె వేయిస్తున్న నా గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇరవై ఆరేళ్ళు పుస్తకాలు అందించిన గొంతు అది.

విచారణ అధికారి పెద్ద వయసు మనిషి. కంపెనీ తరఫున హెచ్.ఆర్. మనిషి వచ్చి ఉన్నాడు. మరదల్ని కూర్చోమన్నాడు. ఫైలు తిరగేశాడు. మొదటి ప్రశ్నే అది.

"ఎగ్జిట్ మీద సంతకం మీ ఆయనదేనా అమ్మా? ఇష్టంతో పెట్టారా, ఎవరైనా పెట్టించారా?"

బస్సులో నేర్పిన మాట కోసం నేను ఆమె వైపు తిరిగాను.

"సంతకం ఆయనదే సార్. ఆయనే అడిగి వేయించుకున్నాడు. బోరు కోసరం. మా ఊర్లో అందరూ అట్లే చేస్తారు. డబ్బులూ నేనే బోరు లారీ వానికి ఇచ్చినా." ఆమె ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "నేనడిగేది దాని గురించి కాదు సార్. మూడో నెల నుంచి మళ్ళా కోసినారు. మానేసినోనికి జీతమెట్ల ఇచ్చినారు, కోత ఎట్ల కోసినారు? అది అడగండి."

హెచ్.ఆర్. మనిషి అప్పటికే తన ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు. మేము అబద్ధం చెబుతామని సిద్ధమై వచ్చాడు. ఆమె నిజం చెప్పాక ఇక ఆ ఫోనులో ఉన్నదాంతో పని లేదు. అయినా, తెచ్చినందుకు, "సార్, మా దగ్గర ఆధారం కూడా ఉంది" అని నొక్కాడు.

మా తమ్ముడి గొంతు వచ్చింది, అప్పట్లో అతనికి వాట్సాప్‌లో పంపిన మాట.

"అన్నా, ఆ ఎగ్జిట్ బిరీన వేయించన్నా. మళ్ళా రెండు నెలలు ఆగల్ల గదా. ఎండలు ముదరకముందే బోరు పడల్ల. నీళ్ళు పడితే నీకు బిర్యానీ, పడకపోతే నువ్వే నాకు పెట్టించు." తర్వాత నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

నేను నేర్పిన అబద్ధం ఆమె చెప్పి ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసింది. చచ్చిపోయినవాడే వచ్చి భార్య అబద్ధమాడుతోందని సాక్ష్యం చెప్పినట్టయ్యేది. వాళ్ళు దాచుకున్న ఆధారమూ, నేను నేర్పిన మాటా ఒకదానికొకటి సరిగ్గా సరిపోయేవే.

అధికారి ఫైల్లోంచి సర్టిఫికెట్ ప్రతి తీసి హెచ్.ఆర్. మనిషిని అడిగాడు. "ఇతను ఇక్కడ కడుతున్నాడని ఆ దేశంలో చూపించి, అక్కడ మీ వాటా కూడా మిగుల్చుకున్నారు కదా?"

"సార్, అది సేవింగ్స్ కోసం చేసే ప్రాసెస్."

"ఎవరి సేవింగ్స్?"

మళ్ళీ కోత మొదలుపెట్టిన నెల నుంచి అతను మళ్ళీ సభ్యుడే అని, కట్టకపోవడం కంపెనీ తప్పు కాబట్టి దానికి ఆమె పింఛను ఆగదని అధికారి అక్కడే చెప్పాడు. రాతపూర్వకంగా పంపుతామన్నాడు.

బయటికి వచ్చాక మరదలు హెచ్.ఆర్. మనిషి వెనకాలే నాలుగడుగులు గబగబా వేసింది. డబ్బు సంగతేదో అడుగుతుందనుకున్నాను.

"అన్నా, ఆ మాట నా ఫోనుకి పంపు."

"ఏ మాట వదినా?"

"ఇప్పుడు వినిపించినావే, అది. ఆయప్ప నవ్వింది."

అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "అది కంపెనీ ఫోను వదినా. కంపెనీ డేటా. బయటికి ఇవ్వకూడదు. రూల్."

గదిలో అంతమంది ముందు వినిపించడానికి అడ్డం రాని రూలు, ఆమెకు ఇవ్వడానికి అడ్డం వచ్చింది. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే రోత కలిగించింది ఏదని ఎవరైనా అడిగితే, కోసి కట్టకపోవడం కాదు, ఇదే అంటాను. తర్వాత రెండుసార్లు నేనే ఫోను చేసి అడిగాను. రెండోసారి, ఆ ఫోను మార్చేశామని చెప్పాడు.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక మరదలు అంది. "ఏం వదినా, ఇన్ని పుస్తకాలు సదివి నాకు నేర్పింది అదా?"

ఆమె మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఎనిమిది నెలలకు పింఛను మొదలైంది. కంపెనీ బకాయి కట్టింది. కొరియాలో ఉన్న మిగతా ముగ్గురివీ అలాగే ఆగి ఉన్నాయని బయటపడితే వాళ్ళవీ కట్టింది. కట్టినట్టు కార్మికుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, కార్మిక సంక్షేమమే తమ ధ్యేయమని రాసుకుంది. ఆ పోస్టు కింద మా ఊరివాళ్ళు చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాళ్ళలో ఇద్దరు ఆ నెలే ఎగ్జిట్ వేయించుకున్నారు.

పింఛను ఎంతో విని మరదలి అన్న, "ఇంతేనా? దీనికా ఇన్ని బస్సులెక్కింది?" అన్నాడు. చేను అమ్మే మాట మాత్రం ఆ తర్వాత ఎత్తలేదు.

ఏడాది తిరిగాక, బతికే ఉన్నట్టు ఆమె రుజువు ఇవ్వాల్సి వచ్చింది. ఆధార్ మీద వేలిముద్ర వేసే సెంటరుకు తోడు పోయాను. అక్కడ పదిమంది వరసలో ఉన్నారు. కంప్యూటరు దగ్గరున్న మనిషి తల ఎత్తకుండా అందరికీ వినబడేలా అడిగాడు.

"భర్త పింఛనా? అయితే మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని గూడా రాయల్ల. చేసుకోలేదు గదా?"

వరసలో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. ఏదో అందామని నోరు తెరిచాను. ఆమె నన్ను మోచేత్తో ఆపింది.

"ఏమప్పా, నీ ఎరుకలో ఎవురన్నా ఉండారా? ఈ పింఛను కంటే ఎక్కువ తెచ్చేటోడైతే చెప్పు, చూద్దాం."

అందరూ నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వి, 'లేదు' అన్న గడిలో గుర్తు పెట్టాడు. కాలర్లు కుట్టి కుట్టి ఆమె వేలి గీతలు అరిగిపోయాయి. మిషను రెండుసార్లు కాదంది. మూడోసారి చీర కొంగుతో వేలు గట్టిగా తుడుచుకుని పెట్టింది. పడింది.

"మళ్ళా వచ్చే ఏడాది ఇదే నెల్లో రావల్ల" అన్నాడు.

ఆమెకు ముప్పై ఒక్క ఏళ్ళు. తలూపి, రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుని, మధ్యాహ్నం షిఫ్టుకు ఆలస్యమవుతుందని నాకంటే ముందు నడిచింది.